ఏమీ ఇవ్వకపోతే

పాలకొల్లు బస్టాండు వెనక మేడమీద గది.
కింద కొబ్బరితాళ్ళ దుకాణం.
పీచు ధూళి కీబోర్డులో చేరి
ఖాళీ కొట్టే మీట ఒక్కోసారి నొక్కుకోదు.
నా పని, ఇంకొకరు రాసిన ప్రోగ్రాముని
ఎలా పిలిస్తే ఎలా పలుకుతుందో కాగితం మీద పెట్టడం.

ప్రోగ్రాము చిన్నదే.
లాకుల దగ్గర నీటిమట్టం చెబితే
ఏ తూము ఎంత ఎత్తాలో
ఏ ఊరికి ఎన్ని గంటల వంతో చెబుతుంది.
నల్లటి తెరమీద ఒక్క వరుస కొట్టాలి.
పేరు, ఆ వెనక రెండు అడ్డగీతలు,
వాటికి అంటుకుని ఒక మాట.
అంతే.

'అంతే' అని నేను రాసిన చోటల్లా
ఎవరో ఒకరు మునిగారు.

మొదటిసారి ఇలా రాశాను:
"మట్టం: నీటిమట్టమును నిర్దేశించు ఆప్షన్."
ఎంత చెరిగినా గింజ రాలని ఊక.
పైగా మురిసిపోయాను, పట్టికలో గళ్ళన్నీ నిండాయని.

నారుమళ్ళ రోజులు. రాత్రి పదకొండున్నరకి ఫోను.
"నేనండి, లాకుల కాడ లస్కర్ని, నేలపూడి ఇశ్రాయేలుని.
మీ కాయితం అడుగున నెంబరుంటే చేశానండి.
అడుగులా, మీటర్లా అన్నది ఏమీ ఇవ్వకపోతే
అదేమనుకుంటాదండీ?"

వెతికాను. నా పేజీలో లేదు.
కోడులో ఉంది, నూట పన్నెండో వరుసలో,
ఒక్క మాట: మీటర్లు.

ఆయన కొలబద్ద అడుగులది.
రాతిగోడ మీద నల్లగీతలు,
ఏటా కాలవ కట్టేసినప్పుడు రంగేస్తారు.
ఆరున్నర అని కొట్టాడు.
ఆరున్నర మీటర్లనుకుని అది
తలుపులన్నీ పైదాకా ఎత్తెయ్యమంది.
"ఎత్తలేదు లెండి.
అంత నీరే ఉంటే నేను కుర్చీలో ఎందుకుంటానండీ,
ఈపాటికి నరసాపురం కాడ తేలుదును."
ఆయన నవ్వాడు.
నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ప్రోగ్రాము రాసిన కుర్రాడు ఫణివర్మది భీమవరం.
"అది అర్థమైపోతుంది కదా మేడం," అన్నాడు.
ఎవరికి, అని అడిగాను.
చేపల చెరువు దగ్గరున్నాను, సిగ్నల్ లేదన్నాడు.

తెల్లారి మార్టేరు బస్సెక్కి మధ్యలో దిగాను.
లాకుల గదిలో ఇనప చక్రం, గ్రీజు వాసన,
మేకుకి వేలాడుతున్న టిఫిన్ క్యారేజీ.
గోడమీద బొగ్గుతో నాలుగు వరుసలు:

కుడికి తిప్పితే తలుపు లేస్తది.
ఎడమకి తిప్పితే దిగుద్ది.
తిప్పకపోతే ఉన్న కాడే ఉంటది.
సగంలో వదిలితే జారిపోద్ది, చీల పెట్టు.

"మీరు రాశారా?"
"నా ముందోడండి. ఆడి ముందోడేమో.
మాసిపోతే పైనుంచి దిద్దుతానంతే."

ఆ గోడ ముందు నిలబడ్డాను, చెప్పులు విప్పి కాదు గానీ
ఇంచుమించు అలాగే.
ఏం చేస్తే ఏమవుతుంది,
ఏం చెయ్యకపోతే ఏమవుతుంది,
తప్పితే ఎక్కడ పట్టుకోవాలి.
నా పదిహేను పేజీల్లో ఈ మూడోది ఎక్కడా లేదు.

తిరిగొచ్చి మళ్ళీ మొదలెట్టాను.
కొలత: అడుగులు, మీటర్లు. ఇవ్వకపోతే మీటర్లు.
మీ కొలబద్ద అడుగులదైతే ఇది మర్చిపోకండి.
ఒకే ఆప్షన్ రెండుసార్లిస్తే చివరిదే లెక్క.
ముందు వెనకలైనా ఫరవాలేదు.
రెండు గీతలు ఏ మాటా లేకుండా ఒంటిగా నిలబడితే
ఆప్షన్లు అక్కడితో సరి,
ఆ తర్వాత వచ్చేవన్నీ ఫైళ్ళ పేర్లే,
గీతతో మొదలైనవైనా సరే.
ప్రతి దాని కిందా ఒక ఉదాహరణ,
నేనే కొట్టి, వచ్చింది చూసి, వచ్చింది వచ్చినట్టు.

'నిర్దేశించు' తీసేశాను.
'అంతే'లు పదకొండు దొరికాయి, అవీ తీసేశాను.

కొత్త కాగితం లాకులకి పంపి నెల దాటింది.
ఇశ్రాయేలు మళ్ళీ ఫోను చెయ్యలేదు.
అర్థమైనందుకో, చదవకుండా కుర్చీ కోటికింద మడిచి పెట్టినందుకో
తెలుసుకునే ఆప్షన్ ఏదీ నా దగ్గర లేదు.
కీబోర్డు బోర్లించి తడితే
కొంచెం పీచు రాలింది.